నక్షత్ర గర్భాల తూకం

తక్కెడకు ఎక్కని వస్తువు బరువు తెలుసుకోవలసిన అవసరం మనుషులకు కొత్తగా వచ్చింది కాదు. కుప్పం పరిసరాలలోని గ్రానైట్ గనులలో కొండ నుండి వేరు చేసిన రాతి దిమ్మెను ఎవరూ త్రాసులో పెట్టరు. పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి ఘనపరిమాణం కడతారు. ఒక ఘనమీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు తూగుతుందని ముందే తెలుసు కనుక బరువు లెక్కకు వస్తుంది. పుంగనూరు పొట్టి ఆవును తూచే యంత్రం పల్లెలో దొరకదు. పశువైద్యుడు దాని ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను, ఒంటి పొడవును టేపుతో కొలుస్తాడు. చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి, ఒక స్థిరసంఖ్యతో భాగించి, ఆవు ఇన్ని కిలోలు ఉండవచ్చునని చెబుతాడు. మదనపల్లె టమాటా మార్కెట్టులో లారీకెక్కిన సరుకు ఎంతో చెప్పడానికి ఒక పెట్టె బరువు, పెట్టెల సంఖ్య తెలిస్తే చాలు.

ఈ మూడింటిలోను కొలిచినది ఒకటి, చెప్పినది మరొకటి. ఆ రెండింటి నడుమ ఒక నమ్మకం ఉంది. రాయి అంతటా ఒకే సాంద్రతతో ఉందని, స్థిరసంఖ్య ఆ జాతి ఆవుకు తగినదేనని, పెట్టెలన్నీ ఒకే తీరుగా నిండి ఉన్నాయని నమ్మాలి. నమ్మకం సడలితే లెక్క సడలుతుంది. ఆవు చుట్టుకొలతలో నూటికి 5 వంతుల పొరపాటు జరిగితే, వర్గం చేయడం వల్ల బరువులో అది నూటికి 10 వంతులవుతుంది. పూర్వం మన పల్లెలలో ధాన్యాన్ని మానికలతోను, తూములతోను కొలిచేవారు. అది ఘనపరిమాణపు కొలతే కాని తూకం కాదు. తూమెడు వడ్లూ తూమెడు మినుములూ ఒకే బరువు తూగవని రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఆకాశంలో పుట్టబోయే నక్షత్రాల ద్రవ్యరాశిని లెక్కగట్టే ఖగోళ శాస్త్రజ్ఞుల పని కూడ ఈ కోవలోనిదే. అయితే రాతిదిమ్మెకు టేపు పట్టవచ్చు. ఆవును మరొకమారు కొలవవచ్చు. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వస్తువు నుండి భూమికి చేరేది కొద్దిపాటి కాంతి మాత్రమే. ఆ కాంతి నుండే బరువు రాబట్టాలి.

నక్షత్రాల నడుమనున్న ప్రదేశం శూన్యమని అనుకుంటాము గాని అది పూర్తిగా శూన్యం కాదు. అక్కడక్కడ వాయువు, ధూళి కలిసిన విశాలమైన మేఘాలు ఉన్నాయి. నీహారిక అనే పేరులోని 'నీహారం' అనే సంస్కృత పదానికి మంచు అని అర్థం. పేరు పెట్టినవారు రూపాన్ని చూసి పెట్టారు. చలిని గురించి కూడ ఆ పేరు నిజమే చెప్పింది. ఈ మేఘాలలో మిక్కిలి చల్లనివాటిలో హైడ్రోజన్ పరమాణువులు రెండేసి కలిసి అణువులుగా ఉంటాయి. అందుకే వీటికి అణుమేఘాలని పేరు. వీటి వ్యాప్తి పదుల, వందల కాంతి సంవత్సరాలు. ఇంత పెద్ద మేఘమంతా ఒక్కసారిగా నక్షత్రం కాదు. మేఘంలో దారాల వంటి పోగులు ఏర్పడతాయి. ఆ పోగుల వెంట, తీగకు కాయలు కాసినట్లు, చిక్కని ముద్దలు కొన్ని ఉంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని కోర్‌లని అంటారు. వీటిలోనే నక్షత్రాలు పుడతాయి కనుక తెలుగులో సాంద్ర గర్భాలనవచ్చు.

ఒక సాంద్ర గర్భం వ్యాసం సుమారు 0.3 కాంతి సంవత్సరాలు, అనగా మూడు లక్షల కోట్ల కిలోమీటర్లు. ఉష్ణోగ్రత సుమారు 10 కెల్విన్‌లు; మన లెక్కలో మైనస్ 263 డిగ్రీల సెల్సియస్. ఒక ఘన సెంటీమీటరులో పదివేల నుండి లక్షకు పైగా అణువులు ఉంటాయి. 'సాంద్రం' అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మనం పీల్చే గాలిలో అంతే చోటున ఉండే అణువుల సంఖ్య రాయాలంటే రెండు పక్కన పందొమ్మిది సున్నాలు పెట్టాలి. ప్రయోగశాలలో ఇది గొప్ప శూన్యమనిపించుకొంటుంది. ఆకాశంలో ఇదే చిక్కదనం.

ఇటువంటి గర్భంలో రెండు బలాలు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది. వాయుపీడనం బయటకు తోస్తుంది. ఏది గెలుస్తుందనేది ప్రధానంగా ద్రవ్యరాశిని బట్టి తేలుతుంది. ఈ సమస్యను 1902లోనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ జీన్స్ గణితంలోకి తెచ్చాడు. 1955, 56 సంవత్సరాలలో ఎబర్ట్, బొన్నర్ అనేవారు విడివిడిగా, బయటి ఒత్తిడికి లోబడిన వాయుగోళం ఎంత బరువు వరకు నిలవగలదో లెక్కగట్టారు. ఆ లెక్క ప్రకారం 0.3 కాంతి సంవత్సరాల వ్యాసం, 10 కెల్విన్‌ల ఉష్ణోగ్రత గల గర్భం వాయుపీడనం ఒక్కదానితోనే నిలవాలంటే దాని ద్రవ్యరాశి దాదాపు ఒక సూర్యుని ద్రవ్యరాశికి మించకూడదు. మించితే కుదించుకొనిపోయి నక్షత్రమవుతుంది. తగ్గితే అలాగే ఉండిపోవచ్చు, లేదా క్రమంగా చెదరిపోవచ్చు. కనుక గర్భం ద్రవ్యరాశి ఎంత అన్న ప్రశ్నకు జవాబు దొరికితే అక్కడ నక్షత్రం పుడుతుందా అన్న ప్రశ్నకు కూడ చాలావరకు జవాబు దొరికినట్లే.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గర్భంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఉన్నవి హైడ్రోజన్, హీలియంలే. కాని హైడ్రోజన్ అణువు రెండు వైపులా సమంగా ఉండే అణువు. 10 కెల్విన్‌ల చలిలో అది గుర్తించదగిన కాంతిని వెలువరించదు. హీలియం మాట కూడ అంతే. సభలో అధిక సంఖ్యాకులు మౌనవ్రతం పట్టినట్లుంటుంది ఈ స్థితి. మాట్లాడే కొద్దిమంది మాటలను బట్టి సభలో ఎందరున్నారో ఊహించాలి. ఆ కొద్దిమందిలో ముఖ్యమైనది ధూళి.

ధూళి ద్రవ్యరాశి వాయువులో నూరవ వంతు మాత్రమే. ఇసుకరేణువులోని పదార్థం, బొగ్గుమసి, మంచు వంటివి కలిసిన అతి సూక్ష్మ కణాలవి. అవి చేసే మొదటి పని వెనుకనున్న నక్షత్రాలను కప్పివేయడం. పద్దెనిమిదవ శతాబ్దంలో విలియం హెర్షెల్ పాలపుంతలో చుక్కలు లేని నల్లని మచ్చలను చూసి, ఆకాశంలో అవి రంధ్రాలని భావించాడు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ ఇటువంటి మచ్చలను ఫోటోలు తీసి జాబితాలు తయారుచేశాడు. అవి 1919లోను, ఆయన మరణానంతరం 1927లోను వెలువడ్డాయి. ఆయన ఇచ్చిన క్రమసంఖ్యలతోనే ఈనాటికీ ఆ మేఘాలను పిలుస్తున్నారు. రంధ్రాలనుకొన్నవి తెరలని తేలిన తరువాత, తెర ఎంత మందమో వెనుక దీపం మసకబారిన తీరును బట్టి చెప్పవచ్చునని అర్థమైంది. ధూళి నీలి కాంతిని ఎక్కువగాను, పరారుణ కాంతిని తక్కువగాను అడ్డుకొంటుంది. అందువల్ల వెనుకనున్న నక్షత్రం ఎంత ఎర్రబారిందో కొలిస్తే నడుమ ఎంత ధూళి ఉందో తెలుస్తుంది. 2001లో ఆల్వెస్, ఇద్దరు లాడాలు కలిసి బార్నార్డ్ 68 అనే మేఘాన్ని ఈ పద్ధతిలోనే కొలిచి, అందులో సుమారు రెండు సూర్యుల ద్రవ్యరాశి ఉందని నిర్ణయించారు. గర్భం ఎంత చల్లగా ఉందో తెలియకపోయినా ఈ లెక్క చెడదు. అయితే మేఘం వెనుక తగినన్ని నక్షత్రాలు ఉండాలి. వాటి కాంతి కొంతైనా ఇవతలకు రావాలి. అతి చిక్కని గర్భాల నడుమ నుండి పరారుణ కాంతి కూడ బయటపడదు.

అప్పుడు ధూళి చేసే రెండవ పని అక్కరకు వస్తుంది. వేడి ఎంత తక్కువైనా సరే, పరమశూన్యానికి పైనున్న ప్రతి వస్తువూ ఏదో ఒక తరంగదైర్ఘ్యంలో కాంతిని వెలువరిస్తుంది. 10 కెల్విన్‌ల ధూళి వెలువరించే కాంతి మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా ఉండే తరంగాలలో భూమి మీది దూరదర్శినులకు అందుతుంది. 850 మైక్రోమీటర్ల తరంగం ఈ పనికి ఎక్కువగా వాడతారు. ఈ తరంగానికి ధూళి తెర కాదు, గాజు వంటిది. ముందున్న కణం వెనుకనున్న కణాన్ని కప్పదు. కనుక వచ్చిన మొత్తం కాంతి మొత్తం ధూళికి అనుపాతంలో ఉంటుంది. ధూళి లెక్క తేలితే, దానిని నూటితో గుణించగా వాయువు లెక్క వస్తుంది. ఒక టమాటా పెట్టె తూచి లారీ బరువు చెప్పడం వంటిదే ఇది.

ఈ లెక్కకు నాలుగు సంగతులు కావాలి: అందిన కాంతి ఎంత, గర్భం ఎంత దూరంలో ఉంది, ధూళి ఉష్ణోగ్రత ఎంత, ఆ తరంగంలో ఒక గ్రాము ధూళి వెలువరించే శక్తి ఎంత. మొదటిది దూరదర్శిని చెబుతుంది. రెండవది దూరం, దానిని వర్గం చేయాలి. ఆవు ఛాతీ కొలతలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. దూరంలో నూటికి 10 వంతుల పొరపాటు ద్రవ్యరాశిలో 21 వంతులవుతుంది. 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం సమీప మేఘాల దూరాలను నిక్కచ్చిగా తేల్చడానికి తోడ్పడింది కనుక ఆ బాధ చాలావరకు తీరింది. తీరని బాధ ఉష్ణోగ్రతది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. 0.3 కాంతి సంవత్సరాల వ్యాసమున్న ఒక గర్భం నుండి 850 మైక్రోమీటర్ల కాంతి అందింది. ధూళి 10 కెల్విన్‌ల వద్ద ఉందని భావించి లెక్కగట్టగా ద్రవ్యరాశి 1.4 సూర్యులని వచ్చిందనుకొందాం. అది నిలవగల హద్దు సుమారు ఒక సూర్యుడు. హద్దు దాటింది కనుక ఈ గర్భం కుదించుకొనిపోవలసినదే. కాని ధూళి నిజంగా 15 కెల్విన్‌ల వద్ద ఉంటే ఏమవుతుంది? వెచ్చని కణం ఎక్కువ కాంతినిస్తుంది. అదే కాంతికి ఇప్పుడు తక్కువ ధూళి చాలు. లెక్క తిరగవేస్తే ద్రవ్యరాశి సుమారు 0.66 సూర్యులకు దిగుతుంది. అంతటితో ఆగదు. వెచ్చని వాయువు పీడనం కూడ ఎక్కువ కనుక, వాయువూ ధూళీ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయనుకొంటే, నిలవగల హద్దు ఒకటి నుండి 1.5 సూర్యులకు పెరుగుతుంది. ఇందాక నక్షత్రమై తీరుతుందన్న గర్భం ఇప్పుడు హద్దులో సగానికి కూడ చేరలేదు! ఐదు కెల్విన్‌ల తేడాకు ఇంత మార్పు. దూరదర్శిని నుండి వచ్చిన సమాచారంలో ఒక్క అంకె కూడ మారలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

అసలు గర్భమంతటా ఒకే ఉష్ణోగ్రత ఉండదు. చుట్టూ ఉన్న నక్షత్రకాంతి తగిలే పై పొరలు కొంత వెచ్చగా ఉంటాయి. నడిమధ్య 7 కెల్విన్‌ల వరకు, ఒక్కొక్కచోట అంతకంటే కూడ తక్కువకు పడిపోతుంది. వెచ్చని పై పొర గట్టిగా మాట్లాడుతుంది; చల్లని నడిమి భాగం గొణుగుతుంది. రెండింటికీ సగటు ఉష్ణోగ్రత ఒకటి వేసి లెక్కగడితే నడిమి భాగపు ద్రవ్యరాశి తగ్గిపోతుంది. 2009 నుండి 2013 వరకు పనిచేసిన ఐరోపా వారి హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని ఒకే గర్భాన్ని అనేక పరారుణ తరంగాలలో చూసి, వాటి నిష్పత్తిని బట్టి ఉష్ణోగ్రతను నిర్ణయించడానికి వీలు కల్పించింది. సగటు దోషం మాత్రం దానితో పూర్తిగా తొలగలేదు.

నాలుగవ సంగతి ధూళి గుణం. ఇది పశువైద్యుని స్థిరసంఖ్య వంటిది. ఒంగోలు గిత్తకు సరిపోయే సంఖ్య పుంగనూరు పొట్టి ఆవుకు సరిపోతుందన్న హామీ లేదు. గర్భంలోని చలికి ధూళికణాల మీద మంచు పొరలుగా పేరుకొంటుంది. కణాలు ఒకదానికొకటి అంటుకొని పెద్దవవుతాయి. అప్పుడు ఒక గ్రాము ధూళి వెలువరించే శక్తి మారుతుంది. ఈ ఒక్క కారణం చేతనే ద్రవ్యరాశి రెట్టింపో సగమో కావడానికి అవకాశం ఉంది.

ధూళి మాటను సరిచూడడానికి మరొక సాక్షి కావాలి. ఆ సాక్షులు అణువులు. కార్బన్ మోనాక్సైడ్ అణుమేఘాలలో విరివిగా దొరుకుతుంది. రేడియో తరంగాలను చక్కగా వెలువరిస్తుంది. చాలాకాలం శాస్త్రజ్ఞులు దానినే నమ్ముకొన్నారు. కాని 1990 దశకం చివరి నుండి జరిగిన పరిశీలనలలో ఒక వింత బయటపడింది. గర్భం నడుమకు పోయేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ కనుమరుగవుతుంది. అది ఎక్కడికో పోలేదు. చలికి గడ్డకట్టి ధూళికణాలకు అతుక్కొన్నది. సరుకు అత్యధికంగా ఉన్నచోటనే సాక్షి నోరు మూసుకొంటే తీర్పు తప్పక తారుమారవుతుంది. అందుచేత నడిమి భాగానికి అమోనియా వంటి, చలిని కొంత తట్టుకొనే అణువులను ఆశ్రయించారు. అంతరిక్షంలో అమోనియాను 1968లో గుర్తించారు. అది రెండు విధాల ఉపకరిస్తుంది. దాని వర్ణపట రేఖల బలాల నిష్పత్తి వాయువు ఉష్ణోగ్రతను తెలుపుతుంది. ఒక్కొక్క రేఖ వెడల్పు వాయువు ఎంత వేగంతో కదలాడుతున్నదో తెలుపుతుంది. ఆ కదలికను గురుత్వాకర్షణ ఆపి ఉంచాలంటే ఎంత ద్రవ్యరాశి కావాలో గణితం చెబుతుంది. ధూళి చెప్పిన ద్రవ్యరాశి దీనికి సరితూగితే గర్భం తనను తాను పట్టి ఉంచుకోగలదని అర్థం. మరీ తక్కువైతే చెదరిపోయే బాపతు కావచ్చు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఒక ప్రశ్న మిగులుతుంది: గర్భం ఎక్కడ ముగుస్తుంది? ఆవుకు చర్మం ఉంది, రాతిదిమ్మెకు అంచు ఉంది. గర్భానికి అంచు లేదు. మదనపల్లె సమీపంలోని హార్సిలీ కొండ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు. కాని మదనపల్లె పట్టణమే దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఊరిలో నిలిచి చూసేవానికి కొండ ఎత్తు వేయికి పైగా కాదు, అందులో ఇంచుమించు సగమే. గర్భం కూడ ఇలాగే మేఘమనే పీఠభూమి మీద లేచిన శిఖరం. శిఖరాన్ని మాత్రమే లెక్కవేయాలా, కింది మేఘపు వంతును కూడ కలపాలా అన్నది పరిశోధకుడు నిర్ణయించుకోవాలి. ఒకే చిత్రం నుండి ఇద్దరు పరిశోధకులు వేరువేరు ద్రవ్యరాశులు చెప్పడానికి చాలాసార్లు ఇదే కారణం.

అయినా ఈ లెక్కలు నిష్ప్రయోజనాలు కావు. ఒక్కొక్క గర్భం విషయంలో పొరపాటు ఉన్నా, వందల గర్భాలను కలిపి చూసినప్పుడు ఒక తీరు కనబడింది. 1998లో మోట్, ఆంద్రే, నేరి సర్పధర రాశిలోని మేఘాన్ని పరిశీలించి, చిన్న గర్భాలు ఎక్కువగాను పెద్దవి తక్కువగాను ఉండే నిష్పత్తి, నక్షత్రాలలో చిన్నవీ పెద్దవీ ఉండే నిష్పత్తిని పోలి ఉందని చూపారు. తరువాత ఇతర మేఘాలలోను ఈ పోలిక కనబడింది. కాని గర్భాల ద్రవ్యరాశులు నక్షత్రాల వాటికంటే సుమారు రెండు మూడు రెట్లు అధికంగా ఉన్నాయి. అనగా గర్భంలోని పదార్థమంతా నక్షత్రంలోకి చేరదు. పుట్టే నక్షత్రం నుండి వేగంగా వెలువడే ప్రవాహాలు చాలా భాగాన్ని వెలుపలికి తోసివేస్తాయని భావిస్తున్నారు. నక్షత్రాల బరువులు గర్భంలోనే నిర్ణయమైపోతాయా, తరువాత చుట్టుపక్కల నుండి చేరే పదార్థం వాటిని మారుస్తుందా అన్న వాదం ఇంకా తెగలేదు. గర్భాల తూకం ఎంత సరిగా ఉంటే ఆ వాదం అంత త్వరగా తెగుతుంది.

కుప్పానికి తూర్పుగా, సరళరేఖలో 55 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటుగా, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు వేధశాల ఉంది. హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగిన వేణు బాపు దానిని నెలకొల్పారు. అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. అది నక్షత్రకాంతిని పట్టడానికి తగినదే గాని, సాంద్ర గర్భాల లోపలి ధూళి పంపే తరంగాలకు ఆ చోటు అనువు కాదు. గాలిలోని నీటి ఆవిరి ఆ తరంగాలను మింగివేస్తుంది. ఆవిరి అతి తక్కువగా ఉండే ఎత్తైన, పొడి ప్రదేశం కావాలి. హవాయి దీవిలోని మౌనా కియా శిఖరం మీద, 4,000 మీటర్లకు పైని ఎత్తులో ఉన్న 15 మీటర్ల జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దూరదర్శిని అందుకు ప్రసిద్ధం.

తిరుపతిలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో పనిచేసిన సి. ఈశ్వరయ్య, ఆయన సహపరిశోధకులు ఆ దూరదర్శినితో వృషభరాశిలోని బార్నార్డ్ 213 అనే పోగును పరిశీలించి 2021లో ఫలితాలను ప్రకటించారు. శీతకాలపు రాత్రులలో మన ప్రాంతంలో దాదాపు నడినెత్తికి వచ్చే కృత్తికలకు కొద్దిగా తూర్పున, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది ఈ పోగు. వారు ఎన్నుకొన్న గర్భాలు మూడు. రెండింటిలో నక్షత్రం పుట్టడం అప్పటికే మొదలైంది. మిజ్-8బి అనే మూడవ దానిలో ఇంకా పుట్టలేదు. ధూళికాంతి ధ్రువణాన్ని కొలిచి, అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుగా ఉందో, ఎంత బలంగా ఉందో వారు లెక్కగట్టారు. దీనికి ఆధారమైన సూత్రాన్ని 1953లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మి రూపొందించారు. క్షేత్రబలం మొదటి రెండింటిలో 38, 44 మైక్రోగాస్‌లు. మిజ్-8బిలో 12 మాత్రమే. భూమి అయస్కాంత క్షేత్రం వీటికి వేల రెట్లు బలమైనది. అయినా గర్భంలోని పలుచని వాయువును కుదించుకొనిపోకుండా కొంతవరకు ఆపడానికి ఆ స్వల్పబలం కూడ ఉపకరిస్తుంది. కనుక పీడనానికి తోడు అయస్కాంత క్షేత్రాన్ని కూడ తక్కెడలో వేసి, గర్భం ద్రవ్యరాశికి ఎదురుగా తూచాలి.

ఒకే పోగు మీద పక్కపక్కన ఉన్న ఈ మూడింటిలో ఒక్కదాని క్షేత్రం మాత్రమే మేఘపు విశాల క్షేత్రంతో ఒకే దిక్కున ఉంది. రెండవ దానిలో క్షేత్రం క్రమంగానే ఉన్నా దాదాపు అడ్డంగా తిరిగి ఉంది. మిజ్-8బిలో ఏ క్రమమూ లేదు. పోగు మీదికి చుట్టుపక్కల నుండి వచ్చి పడుతున్న వాయువు ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. అది నిజమైతే ఈ గర్భాలకు చేరవలసిన సరుకు ఇంకా చేరుతూనే ఉందన్నమాట.